ఎనిమిది కెమెరాలకు అడ్వాన్సు ఇచ్చేముందు: ఊళ్లో దొంగతనాలు ఆపడానికి ఏది ముందు, ఏది తర్వాత

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. తెనాలి వైపు 350 గడపల ఊరు. నెల తిరక్కుండా తాళం వేసిన రెండిళ్లు పగిలాయి, పొలాల్లో మోటార్ల కేబుళ్లు కోసుకుపోయారు. కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి 60 వేలు చందా పోగు చేశారు. ఎనిమిది కెమెరాల ప్యాకేజీకి రేపోమాపో అడ్వాన్సు ఇవ్వబోతున్నారు, ఏ కంపెనీ మంచిదో చెప్పమన్నారు.

కంపెనీ సంగతి తర్వాత. ఆ అడ్వాన్సు ప్రస్తుతానికి ఆపండి. కెమెరా దొంగని ఆపదు, వచ్చి వెళ్లాక చూపిస్తుంది. మొహానికి కర్చీఫ్, నెత్తిన టోపీ ఉంటే అదీ సరిగ్గా చూపించదు. తాళం వేసిన ఇంట్లో దొంగకి కావలసింది పది పదిహేను నిమిషాల తీరిక. తలుపు అర నిమిషంలో ఊడొస్తే ఆ తీరికంతా బీరువా దగ్గర గడుపుతాడు. అదే తలుపు దగ్గరే ఐదు నిమిషాలు చప్పుడు చేయాల్సి వస్తే చాలావరకు వదిలేసి పోతాడు. కాబట్టి మొదటి ఖర్చు తలుపులకి, రెండోది చప్పుడు విన్నవాళ్లు ఏం చేయాలన్న ఏర్పాటుకి, మిగిలింది ఊరి దారుల మీద కెమెరాలకి. మన ఊళ్లలో ఈ వరస సాధారణంగా తలకిందులుగా ఉంటుంది.

తలుపుల విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద ఎవరూ దృష్టి పెట్టరు. పగిలిన ఆ రెండిళ్ల తలుపులు వెళ్లి చూడండి. తాళం కప్ప చెక్కుచెదరకుండా కింద పడి ఉంటుంది, ఆల్‌డ్రాప్, అంటే కప్ప తగిలించే అడ్డ గడియ, మాత్రం మరలతో సహా ఊడి ఉంటుంది. అరంగుళం, ముప్పావంగుళం చెక్క మరలతో బిగించిన ఆల్‌డ్రాప్‌కి వెయ్యి రూపాయల తాళం వేసినా ఉపయోగం లేదు. గునపం మొన దూర్చి ఒక్కసారి ఎత్తితే చెక్కతో సహా లేచొస్తుంది. మరలు తీసేసి తలుపు మందం మొత్తం దాటే బోల్టులు వేయించండి. బోల్టు తల బయటివైపు గుండ్రంగా, నున్నగా ఉండాలి, స్పానర్‌కి పట్టు దొరక్కూడదు. లోపలివైపు పెద్ద వాషరు, నట్టు. ఆల్‌డ్రాప్ రేకు కనీసం 5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. కప్ప వంపు కమ్మీ 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, గట్టిపరచిన ఉక్కుదై ఉండాలి. కమ్మీ ఎంత తక్కువ బయటికి కనిపిస్తే అంత మంచిది, రాడ్డు దూర్చడానికి సందు ఉండదు.

రెండోవైపు ద్వారబంధం. గడియ దూరే రేకుని చిన్న మేకులతో కొట్టి వదిలేస్తారు. దానికి 3 అంగుళాల మరలు వేస్తే అవి చెక్కలోకి లోతుగా పట్టుకుంటాయి. బంధం గోడని వదిలేసి కదులుతోందేమో చేత్తో ఊపి చూడండి. పాత ఇళ్లలో బంధాన్ని గోడకి పట్టి ఉంచే ఇనప పట్టీలు (హోల్డ్‌ఫాస్ట్‌లు) తుప్పుపట్టి, తలుపు ఎంత గట్టిదైనా బంధంతో సహా లోపలికి వాలిపోతుంది. చెదపట్టిన బంధానికి ఏ తాళమూ పనికిరాదు.

వీధి గుమ్మానికి బయట వేలాడే కప్పే పెద్ద ప్రకటన. ఇంట్లో ఎవరూ లేరని బజారంతటికీ చెబుతుంది. వీలున్నవాళ్లు తలుపులో ఇమిడిపోయే తాళం పెట్టించుకోండి, బయటికి తాళంచెవి రంధ్రం తప్ప ఏమీ కనబడదు. ఆ తాళం నాలుక ఒక అంగుళమైనా బంధంలోకి దూరాలి. పెరటి తలుపుకి బయట తాళమే వద్దు. లోపలినుంచి పైనా కిందా రెండు గడియలు, మధ్యలో అడ్డంగా ఇనప పట్టీ వేసి, వీధి గుమ్మం నుంచి బయటికి రండి. చాలా ఇళ్లలో వీధి తలుపు టేకుది, పెరటి తలుపు రేకుది. దొంగ వచ్చేది పెరటి వైపునుంచేనని వేరే చెప్పక్కర్లేదు. కిటికీ గ్రిల్లు బయటనుంచి మరలతో బిగించి ఉంటే ఆ మర తలలు వెల్డింగ్ చేయించండి. వీధికొక ఇల్లు చొప్పున కాకుండా వెల్డర్‌ని, వడ్రంగిని ఒక రోజుకి మాట్లాడి బజారు మొత్తం చేయిస్తే ఇంటికి కొద్ది మొత్తమే పడుతుంది. చందాలో సగం ఇక్కడ పెట్టడం నా సలహా. ఒంటరి ముసలివాళ్ల ఇళ్లు ముందు.

ఇంట్లో ఉండే ఇనప బీరువాని లాకరు అనుకోకండి. లోపలి సొరుగు పెద్ద స్క్రూడ్రైవర్‌కే తెరుచుకుంటుంది. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టండి. బ్యాంకు నిర్లక్ష్యం వల్ల దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగినా, సిబ్బంది మోసం చేసినా ఏడాది అద్దెకి 100 రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో ఉంచక తప్పనివాటిని ఒక్కొక్కటిగా ఫొటో తీసి, తూకం, కొన్న బిల్లు కలిపి ఇంకో ఊళ్లో ఉన్న పిల్లల ఫోన్‌కి పంపి ఉంచండి. సొత్తు దొరికినప్పుడు 'ఇది మాదే' అని కోర్టులో చూపించడానికి ఆ కాగితాలే ఆధారం.

ఇక ఇల్లు ఖాళీగా ఉందని దొంగకి ఎలా తెలుస్తుంది? తాళం ఒకటి. రెండోది వాకిలి. మన ఊళ్లలో తెల్లారేసరికి కళ్లాపి, ముగ్గు లేని గడప ఇట్టే తెలిసిపోతుంది. ధనుర్మాసంలో అయితే మరీ, బజారంతా రంగులుంటే ఒక్క వాకిలి బోసిగా ఉంటుంది. తిరుపతి వెళ్లేముందు పక్కింటావిడకి చెప్పి రోజూ నాలుగు గీతలైనా గీయించండి. పేపరు, పాల ప్యాకెట్లు ఆపించండి. రాత్రంతా, పగలంతా వెలిగే వరండా లైటు కూడా ఇంట్లో ఎవరూ లేరనే చెబుతుంది, కాబట్టి పొద్దు గుంకితే వెలిగి తెల్లారితే ఆరిపోయే సెన్సర్ బల్బు పెట్టండి. కొండ మీద దిగిన ఫొటోలు తిరిగొచ్చాక స్టేటస్ పెట్టుకోవచ్చు, దేవుడేమీ అనుకోడు.

వెళ్లేముందు స్టేషన్లో చెప్పండి. రాత్రి బీట్ కానిస్టేబుల్ తాళం వేసిన ఇళ్ల వైపు ఒక చుట్టు తిరుగుతాడు. ఏపీ పోలీసుల దగ్గర తాళం వేసిన ఇళ్లను గమనించే ఉచిత ఏర్పాటు ఉంది, ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అంటారు. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్లే తేదీలు చెబితే ఇంట్లో చిన్న కెమెరా పెడతారు, లోపల కదలిక కనబడగానే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. మీ స్టేషన్ పరిధిలో పల్లెలకీ ఇస్తున్నారా, ఎన్ని రోజులు ముందు చెప్పాలి అన్నది ఎస్‌ఐ గారినే అడగండి.

వేసవిలో ఇంకో సంగతి. ఇంటిల్లిపాదీ డాబా మీద పడుకుని, కింద తలుపు దగ్గరగా వేసి వదిలేస్తారు. చెమటకి తీసిన గొలుసులు, ఫోన్లు, మర్నాటి కూలి డబ్బులు అన్నీ కింద గదిలో. పైన ఫ్యాను చప్పుడులో కింద తలుపు చప్పుడు వినబడదు. డాబా ఎక్కేముందు వీధి తలుపు, పెరటి తలుపు రెండూ బిగించండి, మెట్లు ఇంటి బయట ఉంటే మెట్ల దగ్గర గేటుకి గడియ వేయండి.

రెండో భాగం, చప్పుడు వినబడితే ఏం చేయాలి. ప్రతి ఊళ్లో వాట్సాప్ గ్రూపు ఉంటుంది, రాత్రి రెండింటికి దానికి విలువ సున్నా. అందరి ఫోన్లూ సైలెంట్లో ఉంటాయి. ఎనిమిది పది ఇళ్లు ఒక జట్టుగా చేసుకుని, ప్రతి ఇంట్లో ఒక నంబరు మాత్రం రాత్రిళ్లు రింగు మోగేలా ఉంచాలి. అనుమానం వచ్చినవాళ్లు ముందు పోలీసుల అత్యవసర నంబరు 112కి, తర్వాత జట్టులో ఇద్దరికి ఫోన్ చేయాలి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి. 112కి చెప్పేటప్పుడు ఊరు, మండలం, ఫలానా గుడి పక్క బజారు అని గుర్తు, ఎంతమంది, బండి రంగు, ఏ వైపు పోయారు అన్నవి చెబితే చాలు. ఈ వరుసలోనే చెప్పమని పెద్దవాళ్లకి ఒక కాగితం మీద రాసి ఫోన్ దగ్గర గోడకి అంటించండి. ఆ తర్వాత ఇళ్లలో లైట్లు వేసి గట్టిగా కేకలు పెట్టండి. గుడి మైకు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో జట్టులో నలుగురికీ తెలిసి ఉండాలి. చీకట్లో ఒంటరిగా వెంటబడొద్దు. దొంగ చేతిలో ఉన్న గునపమే ఆయుధం.

గస్తీ పెట్టాలని కుర్రాళ్లు సరదా పడుతున్నారన్నారు. మంచిదే, కానీ పేర్లు, ఫోన్ నంబర్లు రాసి ఎస్‌ఐ గారికి ఇచ్చి, ఆయనకి తెలిసే మొదలుపెట్టండి. నలుగురు కలిసి, 11 నుంచి 2 వరకు ఒక జట్టు, 2 నుంచి 5 వరకు ఇంకొకటి. రెండో జట్టు వేళే ముఖ్యం, కానీ వారం తిరిగేసరికి ఆ జట్టే నిద్రపోతుంది. రోజూ ఒకే దారిలో, ఒకే వేళకి తిరిగితే దొంగ మీ వేళలు చూసుకునే వస్తాడు. టార్చి, విజిల్, మెరిసే జాకెట్టు చాలు. కర్రలు వద్దని కచ్చితంగా చెబుతాను. 2018 మే నెలలో 'పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగింది' అన్న వాట్సాప్ పుకారుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దారినపోయేవాళ్లనీ, మతిస్థిమితం లేనివాళ్లనీ కొట్టారు. ఇల్లు పగలగొట్టడం లాంటి పెద్ద నేరం కళ్లముందు జరిగితే మామూలు మనిషి కూడా దొంగని పట్టుకోవచ్చు, ఆ హక్కు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలి. స్తంభానికి కట్టి కొడితే దొంగ ఒక కేసులో ముద్దాయి, మీ కుర్రాళ్లు ఇంకో కేసులో ముద్దాయిలు. పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ ఇరుక్కుంటాయి.

మిర్చి కోతలకి కర్నూలు వైపునుంచి కుటుంబాలతో వచ్చే కూలీల మీదే మొదటి అనుమానం పడటం మన దగ్గర అలవాటు. దాని బదులు మేస్త్రి దగ్గర పేర్లు, ఊరు, ఫోన్ నంబరు తీసుకుని సచివాలయంలో మహిళా పోలీసుకి ఒక ప్రతి ఇవ్వండి. అది వాళ్లకీ రక్ష.

పొలాల దొంగతనం తీరు వేరు. వ్యవసాయ ఫీడరుకి (పొలాలకి కరెంటు ఇచ్చే లైనుకి) రాత్రిళ్లు సరఫరా ఉండనిచోట తీగల్లో కరెంటు లేదన్న ధీమాతోనే వస్తారు. కేబుల్ కోసి, పైపొర కాల్చి, రాగిని తూకానికి అమ్ముతారు. మోటారు నుంచి స్టార్టరు వరకు కేబుల్‌ని భూమిలో రెండడుగుల లోతున పైపులో వేసి, పైకి వచ్చే చోట ఇనప గొట్టంలో దాచి కాంక్రీటు పోస్తే గబుక్కున లాగలేరు. కేబుల్ పైపొర మీద ప్రతి మీటరుకీ సర్వీసు నంబరు కాల్చి రాయిస్తే తుక్కు కొట్టువాడు కొనడానికి జంకుతాడు. మోటారు బేస్ బోల్టుల నట్లకి చిన్న వెల్డింగ్ చుక్క పెట్టించండి, రిపేరుకి గ్రైండర్‌తో కోసుకోవచ్చు. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లనీ వదలరు. ట్రాన్స్‌ఫార్మర్ కింద నూనె మరకలు, పడి ఉన్న తీగలు కనిపిస్తే దగ్గరికి పోకండి, లైన్‌మన్‌కి గానీ కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి గానీ చెప్పండి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే విద్యుత్ శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఎఫ్‌ఐఆర్ ప్రతి ఇవ్వాల్సి వస్తుంది, అందుకని ఫిర్యాదు అదేరోజు చేయండి. కంచెకి కరెంటు పెడదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి. చచ్చేది దొంగ కాదు, తెల్లారకముందే నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు. అది మనిషి ప్రాణం తీసిన నేరం కింద జైలు దాకా పోయే కేసు.

కల్లాల్లో మిర్చి ఆరే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒంటరి కల్లం వద్దు, నలుగురైదుగురు రైతులు ఒకేచోట వేసుకుని వంతులవారీగా కాపలా ఉండండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) తొక్కిన రోజే లెక్క రాసి, సంచి మూతి కుట్టుకి మీ రంగు దారం వాడండి. 40, 45 కిలోల టిక్కీ ఒక్కటి పోయినా చిన్న నష్టం కాదు. గుంటూరు యార్డులో అమ్మిన డబ్బు ఖాతాలోకే వేయించుకోండి. నగదు తీసుకుంటే బ్యాంకు బయట మీ వెనకే వచ్చేవాళ్లుంటారు. 'మీ డబ్బులు కిందపడ్డాయి', 'చొక్కా మీద ఏదో పడింది' అన్న మాట వినబడగానే చేయి సంచి మీదే ఉండాలి, చూపు కిందికి పోకూడదు. బండి డిక్కీలో డబ్బు పెట్టి టీకి ఆగొద్దు, ఆ డిక్కీ తాళం పిన్నుతో కూడా తెరుచుకుంటుంది.

గొలుసు లాగేవాళ్లు బైకు మీద ఇద్దరొస్తారు, వెనకవాడు లాగుతాడు. ముందు అడ్రసు అడుగుతారు. ఆడవాళ్లు డొంకలో నడిచేటప్పుడు ఎదురొచ్చే బళ్లు కనబడే వైపున నడవడం, కొంగు మెడచుట్టూ కప్పుకోవడం, అడ్రసు అడిగితే నాలుగడుగుల దూరంలో నిలబడి చెప్పడం నేర్పించండి. బంగారానికి మెరుగు పెడతామంటూ వచ్చేవాళ్లని గడప దాటనీయకండి. వాళ్ల గిన్నెలో ఉండేది బంగారాన్ని కరిగించే ఆసిడ్ల మిశ్రమం. నగ తళతళలాడుతూ తిరిగొస్తుంది, తూకంలో తులానికి ఎంత పోయిందో కాటా మీదే తెలుస్తుంది.

ఇప్పుడు కెమెరాలు. ఎనిమిది వద్దు, నాలుగు చాలు. మీ ఊరికి బండి పోయే దారులు రెండే అన్నారు, ఒక్కో దారికి రెండు. ఒకటి మనుషుల్ని చూడ్డానికి, ఒకటి బండి నంబరు చదవడానికి. ఒకే కెమెరాతో రెండు పనులూ కావు, లెక్క చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. తెలియని మొహాన్ని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకి 250 చుక్కలు కావాలి. అంటే బొమ్మలో దాదాపు 7.5 మీటర్ల వెడల్పు మించకూడదు. ప్యాకేజీల్లో ఇచ్చే 4 మిల్లీమీటర్ల లెన్సు 15 మీటర్ల దూరంలో 20 మీటర్లకు పైగా వెడల్పు చూపిస్తుంది. అందులో 20 సెంటీమీటర్ల బైకు నంబరు ప్లేటుకి 20 చుక్కలు కూడా రావు. బజారంతా కనబడుతుంది, నంబరు మాత్రం తెల్ల మచ్చ.

నంబరు కోసం 2.8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా మార్చుకునే లెన్సు కొనండి. దాన్ని 12 దగ్గర పెట్టి, పదిమీటర్ల దూరంలో ఒక్క దారి వెడల్పు, అంటే నాలుగైదు మీటర్లు మాత్రమే పట్టేలా బిగించండి. ఎత్తు 8 నుంచి 10 అడుగులు. 15 అడుగుల స్తంభం మీద పెడితే నెత్తులే కనిపిస్తాయి. స్పీడ్ బ్రేకరు దాటి నెమ్మదించే చోట, ఊళ్లోంచి బయటికి పోయే బండి వెనకభాగం కనబడేలా తిప్పండి. హెడ్‌లైటు కళ్లు జిగేలుమనిపించదు, బైకుకి వెనక ప్లేటు తప్పకుండా ఉంటుంది. సెట్టింగుల్లో రాత్రి షట్టరు, అంటే ఒక్కో బొమ్మకి వెలుగు తీసుకునే వ్యవధి, సెకనులో 500వ వంతు పెట్టించండి. ఆటోలో వదిలేస్తే కదిలే ప్లేటు అలుక్కుపోతుంది. ఆ షట్టరుకి మిగతా బొమ్మ నల్లగా వస్తుంది, కెమెరా పాడైందని కంగారుపడకండి, అందుకే రెండో కెమెరా.

నాలుగు కెమెరాల బొమ్మల్ని రికార్డర్ ఒక్కోటి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) చొప్పున డిస్కు మీద రాస్తే రోజుకి 86 జీబీ అవుతుంది, 2 టీబీ డిస్కుకి మూడు వారాలు వస్తుంది. ఇల్లు చూసుకోవడానికి దొంగలు ముందే ఒకసారి వచ్చిపోతారు, కాబట్టి అంతకన్నా తగ్గించొద్దు. డిస్కు నిఘా కెమెరాల కోసం చేసినదే తీసుకోండి, కంప్యూటర్లోది రాత్రింబవళ్లూ రాస్తూ ఉంటే తొందరగా పోతుంది. కేబుల్ 100 మీటర్లు దాటితే రాగి తీగ పనికిరాదు, ఫైబర్ వేయించండి. పిడుగు పడ్డప్పుడు రికార్డర్‌ని కాపాడేదీ అదే. రికార్డర్‌ని పంచాయతీ ఆఫీసు బల్ల మీద కాదు, తాళం వేసిన పెట్టెలో, నలుగురూ ఉండే ఇంట్లో పెట్టండి. ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే కరెంటు పోయినా దాదాపు 12 గంటలు నడుస్తాయి. పాస్‌వర్డు బిగించినవాడు పెట్టినదే ఉంచకండి.

ఇవన్నీ చేశాక ఆరు నెలలకి ఏం జరుగుతుందంటే, ఒక కెమెరా ముందు సాలెగూడు పట్టి రాత్రిపూట తెల్లటి తెర కనిపిస్తుంది, రికార్డర్ గడియారం పావుగంట తప్పుతుంది, డిస్కు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. దొంగతనం జరిగాక గానీ ఎవరూ చూడరు. నెలకి ఒకరోజు, ఉదాహరణకి మొదటి ఆదివారం, ఒకరు లెన్సులు తుడిచి, టైము ఫోన్‌తో సరిచూసి, వారం క్రితం రాత్రి 2 గంటల రికార్డు తెరిచి చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. దీనికి కాస్త జీతం ఇచ్చి ఎవరినైనా పెట్టినా తప్పులేదు.

ఫోన్ మోసాల గురించి అడగలేదు గానీ రెండు ముక్కలు. పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. వేలిముద్రతో డబ్బు తీసే అలవాటు లేనివాళ్లు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోవాలి. ఫోన్ పోతే ఫిర్యాదు చేసి, పోయిన ఫోన్లని ఆపించే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్లో ఆపించండి, దానికి ఐఎంఈఐ (ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే) నంబరు కావాలి. ఇప్పుడే *#06# కొట్టి రాసిపెట్టుకోండి.

చివరిగా, ఇల్లు పగిలిన పొద్దున. ఊరంతా లోపలికి వెళ్లి చూడటం మన అలవాటు. ఆధారాలు సేకరించే పోలీసుల క్లూస్ టీం వచ్చేసరికి వేలిముద్రల మీద యాభై మంది చేతులు, కుక్కల స్క్వాడ్ వచ్చేసరికి వాసన మీద వంద మంది అడుగులు. గుమ్మం దగ్గర తాడు కట్టి ఇద్దర్ని నిలబెట్టండి. తుడవొద్దు, బీరువా మూయొద్దు. ఫిర్యాదులో పోయిన ప్రతి వస్తువూ తూకంతో రాయండి, అంచనాగా పెంచి రాస్తే తర్వాత మీకే చిక్కు. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి, నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. ఆన్‌లైన్లో ఇస్తే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపండి. కెమెరా రికార్డుని తెర మీద ఫోన్‌తో వీడియో తీసి ఊరుకోకండి. అసలు ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి దించండి, రికార్డర్ టైముకీ అసలు టైముకీ తేడా ఎంతో కాగితం మీద రాయండి. కోర్టులో ఆ ఫైలు నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, రికార్డర్ చూసే మనిషి సంతకం దాని మీద ఉంటుంది. అందుకే ఆ మనిషి ఎవరన్నది ఇప్పుడే పంచాయతీ తీర్మానంలో పేరుతో రాయించండి.